గుంటకో జెండా

ఆ వారం నేను చేయాల్సిన పనులు ఇవి. ఆసుపత్రిలో ఉన్న పిన్నికి పూటపూటా క్యారేజీ అందించాలి. కట్టు విప్పించి ఆవిణ్ణి ఇంటికి తీసుకురావాలి. కింద రబ్బరు తొడుగున్న చేతికర్ర ఒకటి కొనాలి. ఆవిడ కుట్టుకొట్టు తాళం తీసి, బూజు దులిపి, మిషనుకి నూనె వేయాలి. ఆవిడ ఇంటికి వచ్చేలోగా మా వీధి మలుపులో ఉన్న గుంట పూడ్పించాలి. పై ఊరి నుంచి వస్తున్న మా కంపెనీ పెద్దసారు ఆడుకోవడానికి ఊళ్ళో మంచి గోల్ఫ్ కోర్సు వెతకాలి.

వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఏదంటే మీలో చాలామంది గుంట అంటారు. అందుకే మీరింకా బస్సుల్లో వేలాడుతున్నారు!

గోల్ఫ్ కోర్సండీ, గోల్ఫ్ కోర్సు! ఊరికి వచ్చిన పెద్దమనిషి బండి దిగీ దిగకముందే ‘ఇక్కడ ఆడటానికి మంచి కోర్సు ఎక్కడుంది?’ అని అడిగాడంటే, అది ఆ ఊరు చేసుకున్న అదృష్టం. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా వినండి.

ఆయన అదే అడక్కుండా ‘మీ ఊళ్ళో మంచినీళ్ళు ఎలా వస్తాయి?’ అని అడిగితే మనం ఏం చెప్పాలి? ‘మీ బడి పైకప్పు చూపించండి’ అంటే ఎటు తీసుకెళ్ళాలి? ‘సరదాగా నాలుగు వీధులు నడిచొద్దాం’ అంటే? అమ్మో! గోల్ఫ్ ఆడే అతిథి అలాంటి ఇబ్బందులు పెట్టడు. విమానం దిగుతాడు, నల్ల అద్దాల కారెక్కుతాడు, పచ్చగడ్డి మీద దిగుతాడు. ‘మీ ఊరు ఎంత పచ్చగా ఉందండీ!’ అని మెచ్చుకుని వెళ్ళిపోతాడు. ఊరు పరువు ఊరికి దక్కుతుంది. ఇంతకన్నా మర్యాదస్తుడైన చుట్టం ఎక్కడైనా ఉంటాడా?

నా సంగతి కూడా చెప్పాలి. మా వంశంలో డిగ్రీ పట్టాని చేత్తో పట్టుకున్న మొదటివాణ్ణి నేను. అమ్మ పోయాక పిన్నే నన్ను పెంచింది, కుట్టుమిషను తొక్కి చదివించింది. ‘పెద్దవాళ్ళు పని చెబితే చెయ్యాలి, ఎందుకని అడక్కూడదు’ అన్నది ఆవిడ పెట్టిన బుద్ధి. ఆ బుద్ధితోనే ఒక రోడ్ల కంపెనీలో గుమస్తాగా చేరాను. ఈ ఊరి రోడ్లు వేసేదీ మేమే, వేశాక కాపాడేదీ మేమే. వేయడం అందరికీ కనిపిస్తుంది. కాపాడటం మాత్రం గుప్తదానం లాంటిది. చేశామో లేదో ఎవరికీ తెలియకూడదు.

మా మేనేజరు గారిని ఆఫీసులో అందరూ ‘రేపుగారు’ అంటారు. ఏ కాగితం తీసుకెళ్ళినా ‘రేపు చూద్దాం’ అంటారు కనుక ఆ పేరు. అలాంటి రేపుగారు ఆ సోమవారం నన్ను పిలిచి, ‘ఈరోజే’ అన్నారు!

‘‘పెద్దసారు శుక్రవారం వస్తున్నారయ్యా. రోడ్ల తనిఖీ. ఊళ్ళో మంచి గోల్ఫ్ కోర్సులు ఏమున్నాయో కనుక్కో. ఈరోజే!’’

‘‘అలాగే సార్’’ అన్నాను. రోడ్ల తనిఖీకీ గోల్ఫ్‌కీ సంబంధం ఏమిటని అడగలేదు. పిన్ని పెంపకం!

తిన్నగా పెద్దబజారులో ఉన్న ట్రైనింగ్ సెంటరుకి వెళ్ళాను. కౌంటర్లో కూర్చున్నావిడ చాలా మంచి మనిషి.

‘‘గోల్ఫ్ కోర్సా? అది కంప్యూటరు సైడా, కామర్సు సైడా?’’ అని అడిగింది.

‘‘తెలీదండీ. మా పెద్దసారు చేస్తారట.’’

‘‘వయసెంత ఉంటుంది?’’

‘‘అరవైకి దగ్గర.’’

‘‘ఆ వయసులో కూడా చదువు మీద అంత శ్రద్ధా!’’ ఆవిడ కళ్ళు చెమర్చాయి. ‘‘సాయంత్రం బ్యాచిలో వేద్దాం. మెటీరియల్ మేమే ఇస్తాం. కోర్సవగానే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పండి సారుకి.’’

నేను సంబరంగా ఆఫీసుకి వచ్చి చెప్పాను. ‘‘సార్, మూడేళ్ళ కోర్సు ఎక్కడా లేదు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది. సాయంత్రం బ్యాచి.’’

రేపుగారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు.

‘‘నువ్వు నిజంగా డిగ్రీ పాసయ్యావా?’’

‘‘ఫస్ట్‌క్లాసు సార్.’’

‘‘అదే అనుకున్నా. మైదానమయ్యా, మైదానం! బంతాట!’’

నవ్వండి, పరవాలేదు. కానీ ఇందులో నా తప్పేముంది? మా ఇంట్లో కోర్సు అన్న మాటకి ఒకటే అర్థం. పిన్ని కుడికాలితో మిషను తొక్కుతూ ఉంటే, ఆ టకటకల పక్కన కూర్చుని నేను చదువుకున్న మూడేళ్ళు. కోర్సు అంటే దూరాన జెండా పాతి, బంతి కొట్టుకుంటూ వెళ్ళే పచ్చిక అని నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు!

మర్నాడు మైదానాల వేట మొదలుపెట్టాను. ఆహా, ఏం చెప్పను! ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. ఇంత నేల ఉందని నాకు తెలియదు! మా వీధి పిల్లలు ఆడుకోవడానికి చోటు లేక, రెండు బండ్ల మధ్య నిలబడి బంతిని చేతుల్లోనే తిప్పుకుంటారు. ఊళ్ళో నేల అయిపోయింది కాబోలు అనుకునేవాణ్ణి. అయిపోలేదండీ! ప్రహరీ గోడ వెనక భద్రంగా దాచిపెట్టారు.

మొదటి కోర్సు గేటు దగ్గర కాపలావాడు నా చెప్పులు చూసి, ‘‘ఇవి విప్పి రండి, గడ్డి నలుగుతుంది’’ అన్నాడు. గడ్డికి ఉన్న మర్యాద చూసి నాకు ముచ్చటేసింది. వచ్చే జన్మలో గడ్డిపోచగా పుడితే గోడకి అవతలే పుట్టాలని అక్కడికక్కడే మొక్కుకున్నాను.

రెండో కోర్సులో నీళ్ళు చిమ్మే గొట్టాలు మిట్టమధ్యాహ్నం గిరగిరా తిరుగుతున్నాయి. మా వీధి కుళాయికి అవి ఏమవుతాయో, దగ్గరి చుట్టరికమే అయి ఉంటుంది. మా కుళాయి రెండు రోజులకోసారి దగ్గి ఊరుకుంటుంది. డబ్బున్న చుట్టాన్ని చూసి నోరు పెగలనట్టు.

మూడోదే అసలైన కోర్సు. అక్కడి ఆఫీసులో టై కట్టుకున్న గుమస్తా నన్ను కూర్చోబెట్టి వివరాలు అడిగాడు.

‘‘మీ సారు హ్యాండిక్యాప్ ఎంత?’’

నాకు చాలా బాధ కలిగింది. ‘‘అంగవైకల్యం ఏమీ లేదండీ! నిక్షేపంలా ఉన్నారు’’ అన్నాను కాస్త గట్టిగానే.

అతను చాలాసేపు నవ్వి, అప్పుడు చెప్పాడు. ఆ ఆటలో మనిషి ఎంత తక్కువ దెబ్బలతో గట్టెక్కుతాడో చెప్పే అంకెని హ్యాండిక్యాప్ అంటారట. పెద్దవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ఆ అంకె చెప్పుకుని గర్వపడతారట. చూశారా, మాట కూడా గోడ దాటి లోపలికి వెళ్తే ఎలా బాగుపడుతుందో! బయట హ్యాండిక్యాప్ అంటే సర్టిఫికెట్ కోసం వరసలో నిలబడాలి. లోపల హ్యాండిక్యాప్ అంటే కాలు మీద కాలేసుకుని చెప్పుకోవాలి.

తర్వాత మైదానం చూపించాడు. ఒక్కో ఆటకి పద్దెనిమిది గుంటలు. ఒక్కో గుంట చెంబు పట్టేంత. అంచు కత్తితో కోసినట్టు గుండ్రంగా ఉంటుంది. ప్రతి గుంటకీ ఒక నంబరు. ప్రతి గుంటలోనూ ఒక జెండా! ఇక్కడ గుంట ఉంది సుమా అని ఎంతో దూరం నుంచి కనబడేలా. నేను గుంటల ఊళ్ళోనే పుట్టి పెరిగాను. కానీ గుంటని ఇంత గౌరవంగా చూసుకోవడం అదే మొదటిసారి చూశాను.

అవతల ఒకాయన బంతిని గట్టిగా కొట్టబోయాడు. బంతి కదల్లేదు గానీ, అరచేతంత గడ్డిపెళ్ళ లేచి అవతల పడింది. ఆయన అటు వెళ్ళీ వెళ్ళకముందే ఒక మాలి ఇసుక డబ్బాతో వచ్చాడు. పెళ్ళ లేచిన చోట ఇసుక పోసి కాలితో అదిమి, వెళ్ళిపోబోయాడు.

నేను ఆపాను. ‘‘అన్నా, దీనికి టెండరు పిలవరా?’’

‘‘దేనికి?’’

‘‘పూడ్చడానికి.’’

‘‘గుంట కనబడితే పూడుస్తాం. అందులో పిలిచేదేముంది?’’

‘‘ఇది ఎవరి పరిధిలోకి వస్తుందో తేల్చుకోరా?’’

అతను నన్ను ఎగాదిగా చూసి, ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, తన నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

మరి నేను ఎందుకు అడగనండీ! మా వీధి మలుపులో గుంట సంగతి చెబుతాను, వినండి. ఎవరో పైపు కోసం తవ్వారు. పైపు దొరికిందో లేదో తెలియదు, మాకు గుంట మాత్రం దొరికింది. నీళ్ళవాళ్ళని అడిగితే ‘మేము తవ్వింది ఇంతకన్నా చిన్నది’ అన్నారు. కేబుల్‌వాళ్ళని అడిగితే ‘మేము తవ్వితే ఇంతకన్నా పెద్దది తవ్వుతాం’ అన్నారు. ఇక మిగిలింది మా కంపెనీయే. నా చేత్తో నేనే అర్జీ రాసి, నా ఆఫీసులో నేనే తీసుకుని, నా చేత్తో నేనే రేపుగారి బల్ల మీద పెట్టాను.

‘‘రేపు చూద్దాం. అయినా అది గుంట ఎలా అవుతుందయ్యా? మోకాలి లోతు దాటితేనే గుంట. అంతవరకూ అది ఉపరితల లోపం’’ అన్నారాయన.

ఆ రేపు రాకముందే ఒక సాయంత్రం వాన పడింది. నీళ్ళు నిండి గుంట కనబడలేదు. పిన్ని కొట్టు మూసి, కుట్టిన బట్టల మూట తల మీద పెట్టుకుని వస్తూ అందులో పడింది. కుడికాలు తుంటి దగ్గర విరిగింది. మూట తడవకుండా ఎత్తి పట్టుకుందని, దాని వల్లే అంత గట్టిగా పడిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆఫీసులో చెబితే రేపుగారు నొచ్చుకున్నారు. ‘‘అయ్యయ్యో! కానీ అది ప్రమాదం కిందికి వస్తుందయ్యా, గుంట కిందికి రాదు’’ అన్నారు.

డాక్టరు గారు మాత్రం ఒకటే మాట చెప్పారు. ‘‘లోపల రాడ్డు వేశాం. మెల్లగా నడిపించండి. మళ్ళీ పడ్డారంటే ఇక లేవరు.’’

మా ఇంటికీ పిన్ని కొట్టుకీ మధ్య ఉన్నది ఆ మలుపు ఒక్కటే. ఇప్పుడు చెప్పండి, ఆ గుంట పూడ్పించడం నాకు అవసరమా కాదా? అవసరమే. కానీ గోల్ఫ్ కోర్సు అంత అవసరమా? ఛ! పెద్దసారు శుక్రవారం వస్తున్నారు, పిన్ని శనివారం వస్తోంది. శుక్రవారం ముందు కదా!

బుధవారం క్యారేజీ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆట సంగతి చెప్పాను.

‘‘బంతిని కర్రతో కొట్టాలా?’’

‘‘అవును పిన్నీ.’’

‘‘అది పోయిన చోటికి పోయి మళ్ళీ కొట్టాలా?’’

‘‘అవును. అయితే నడవరు. చిన్న బ్యాటరీ కారులో వెళ్తారు.’’

‘‘ఓరి వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది! నన్నేమో నడవమని డాక్టరు ప్రాణం తీస్తున్నాడు. అంత మెత్తటి గడ్డి పెట్టుకుని వాళ్ళు కారెక్కుతారా? ఆనక?’’

‘‘ఆనక బంతి గుంటలో పడాలి. పడితే గెలిచినట్టు.’’

పిన్ని ముద్ద ఆపింది. ‘‘గుంటలో పడితే గెలుపా?’’

‘‘ఆ. తక్కువ దెబ్బల్లో పడితే ఇంకా గొప్ప. మొదటి దెబ్బకే పడితే పేరు బోర్డు మీద రాసి, అందరికీ పార్టీ ఇస్తారట.’’

‘‘మరి నాకేదిరా పార్టీ? మొదటి దెబ్బకే పడ్డానుగా!’’

పక్క మంచం మీదావిడ నవ్వలేక నవ్వి, కుట్లు లాగుతున్నాయని తిట్టింది. పిన్ని మాత్రం నవ్వు ఆపి, నా వైపు చూడకుండా అడిగింది.

‘‘అది పూడ్చారట్రా?’’

‘‘రేపు పూడుస్తారు పిన్నీ.’’

అబద్ధం కాదండీ. రేపుగారు చెప్పిన మాటే చెప్పాను.

శుక్రవారం వచ్చింది. పెద్దసారూ వచ్చారు. కొండంత మనిషి, గోరంత మాట. చేతికి తెల్లటి తొడుగు, అదీ ఒక్క చేతికే! రెండో తొడుగు ఎక్కడో పారేసుకున్నారనుకుని నేను కారు సీట్ల కింద వెతికాను. ఆ ఆటకి ఒకటే తొడుగట.

కార్యక్రమం ప్రకారం ముందు రోడ్ల తనిఖీ. అంటే విమానాశ్రయం నుంచి గోల్ఫ్ కోర్సుకి వెళ్ళే దారిలో కారు అద్దంలోంచి చూడటం. డ్రైవరన్న పక్కన నేను, వెనక పెద్దసారు, రేపుగారు. నాకో చిన్న ఆలోచన వచ్చింది. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పిన్ని నేర్పింది గానీ, దారి చెప్పకూడదని నేర్పలేదు కదా!

‘‘అన్నా, మా వీధి మీదుగా పోనీ. దగ్గర దారి’’ అన్నాను మెల్లగా.

‘‘ఆ గుంటలోంచా? పెద్దసారు నడుం పట్టేస్తే నా ఉద్యోగం నువ్విప్పిస్తావా తమ్ముడూ?’’

‘‘నడుం పట్టేస్తేనే కదన్నా పూడ్చేది!’’

డ్రైవరన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆయన కూతురి యూనిఫాం కుట్టింది మా పిన్నే. బండి మా వీధిలోకి తిప్పాడు.

దభేలుమంది! వెనక సీట్లో రెండు తలలు పైకప్పుకి తగిలి వచ్చాయి.

‘‘ఏమిటిది?’’ అన్నారు పెద్దసారు.

‘‘స్పీడ్ బ్రేకర్ సార్! ప్రజల భద్రత కోసం వేయించాం’’ అన్నారు రేపుగారు. ఊపిరి కూడా తీసుకోలేదు!

‘‘కిందకి పోయినట్టుందే?’’

‘‘కొత్త డిజైన్ సార్. లోపలికి కడుతున్నాం.’’

‘‘గుడ్’’ అన్నారు పెద్దసారు. అక్కడితో రోడ్ల తనిఖీ ముగిసింది.

చూశారా మరి! గోల్ఫ్ లేకపోతే ఆయన కారు దిగేవారు. దిగితే చూసేవారు. చూస్తే పని పెరిగేది. ఇంతమంది కడుపు నిండా అన్నం తినగలుగుతున్నారంటే అది ఆ బంతి చలవ కాదూ!

కోర్సులో ఆట మొదలైంది. పెద్దసారు కొట్టడం, మేము చప్పట్లు కొట్టడం. బంతి చెట్లలోకి వెళ్తే రేపుగారు ‘గాలి ఎక్కువగా ఉంది సార్’ అనడం. ఒక్క ఆకు కదలడం లేదు! ఇలా నాలుగైదు గుంటలు గడిచాయి. అప్పుడు జరిగింది ఘోరం.

బ్యాటరీ కారు దిగిన పెద్దసారు ఒక అడుగు వేశారు. అంతకుముందు ఎవరి దెబ్బకో లేచిన గడ్డిపెళ్ళ చోట ఇసుక ఇంకా పోయలేదు. అరచేతంత పల్లం. సారు బూటు మడమ అందులో దిగి, కాలు కాస్త బెణికింది. పడలేదు. బెణికింది!

ఇక చూడాలి! ఈలలు మోగాయి. ఆట ఆపేశారు. ఎర్ర జెండా పెట్టిన బ్యాటరీ కారులో డాక్టరు వచ్చాడు, ఐసుముక్కలు వచ్చాయి, మడత కుర్చీ వచ్చింది, గొడుగు వచ్చింది. టై కట్టుకున్న గుమస్తా ఏడుపు గొంతుతో క్షమాపణ చెప్పాడు. వెనకాలే సెక్రెటరీ గారు పరుగెత్తుకొచ్చి అంతకన్నా పెద్ద క్షమాపణ చెప్పారు. ఈలోగా ముగ్గురు మాలీలు ఆ పల్లం పూడ్చి, గడ్డి పరిచి, నీళ్ళు చల్లి, దువ్వెనతో దువ్వినట్టు సరిచేసేశారు. పెద్దసారు ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేసరికి అక్కడ ఎప్పుడైనా గుంట ఉండేదా అని నాకే అనుమానం వచ్చింది!

నాకు ఏమైందో తెలియదు. జీవితంలో మొదటిసారి, అడక్కుండానే పెద్దవాళ్ళ ముందు నోరు తెరిచాను.

‘‘సార్, మా పిన్ని కూడా ఇలాగే గుంట వల్ల పడింది సార్.’’

రేపుగారి మొహంలో నెత్తురు లేదు. పెద్దసారు మాత్రం ఎంతో ఆప్యాయంగా నా వైపు తిరిగారు. నొప్పిలో తోడు దొరికితే ఎవరికైనా ఆనందమే కదా!

‘‘అయ్యో, అలాగా! ఆవిడ ఏ కోర్సులో ఆడతారు?’’

అబద్ధం చెప్పకూడదన్నది కూడా పిన్ని పెట్టిన బుద్ధే.

‘‘మా వీధిలోనే సార్.’’

‘‘వీధిలోనే కోర్సుందా! ఎన్ని హోల్స్?’’

‘‘ఈ వానలకి లెక్క మారింది సార్. ఇంకా తేలలేదు.’’

‘‘వాహ్! కష్టమైన కోర్సేనా?’’

‘‘చీకటి పడితే చాలా కష్టం సార్.’’

‘‘ఆవిడ హ్యాండిక్యాప్ ఎంత?’’

‘‘కుడికాలు సార్.’’

పెద్దసారు ఐసు ఒత్తుకుంటూ, సరిగా వినపడక ‘‘వెరీ గుడ్’’ అన్నారు. రేపుగారి వైపు తిరిగి, ‘‘ఇంత దగ్గర్లో మంచి కోర్సుంటే నాకు చెప్పనేలేదేం? వచ్చేసారి అక్కడే ఆడదాం’’ అన్నారు.

‘‘తప్పకుండా సార్!’’ అన్నారు రేపుగారు.

పెద్దసారు విమానమెక్కాక రేపుగారు నన్ను తిడతారనుకున్నాను. తిట్టడానికి ఆయనకి తీరిక ఏదీ? పెద్దసారు నోటి వెంట ‘కోర్సు’ అని వచ్చాక అక్కడ కోర్సు ఉండి తీరాలి కదా! లేదని చెప్పే దమ్ము ఎవరికుంది?

‘‘ఈరోజే మొదలుపెట్టాలి!’’ అన్నారు. వారంలో రెండోసారి ‘ఈరోజే’!

నా ప్రాణం లేచొచ్చింది. ‘‘ముందు ఆ గుంట పూడ్పిద్దాం సార్!’’

‘‘పూడుస్తావా? మతి ఉందా? పూడిస్తే హోల్ ఏదయ్యా!’’

ఆ సాయంత్రమే లారీ వచ్చింది. పనివాళ్ళు దిగారు. గుంట అంచులు గుండ్రంగా చెక్కారు. చుట్టూ తివాచీలా పచ్చగడ్డి పరిచారు. నడుమ తెల్లటి కడ్డీ నిలిపి, దానికి ఎర్ర జెండా కట్టి, జెండా మీద ‘ఒకటి’ అని అంకె వేశారు. మా వీధి మొత్తం బయటికొచ్చి నోళ్ళు తెరుచుకుని చూసింది. అర్జీల వల్ల కానిది, విరిగిన తుంటి వల్ల కానిది, ఒక్క ఆట వల్ల అయింది. మొట్టమొదటిసారి మా గుంటని అధికారికంగా గుంట అని ఒప్పుకున్నారు!

శనివారం పిన్నిని ఇంటికి తీసుకొచ్చాను. మలుపు దగ్గర బండి ఆపించింది. కర్ర ఆన్చి, నా భుజం పట్టుకుని దిగింది. జెండా వంక పైనుంచి కిందికి చూసింది.

‘‘ఏంట్రా ఇది? ఎవరు గెలిచారు?’’

‘‘నువ్వే పిన్నీ.’’

పిన్ని చెప్పు విప్పి, ఆ గడ్డి మీద ఒక్కో అడుగే వేస్తూ గుంట చుట్టూ నడిచింది. ‘‘మెత్తగానే ఉంది’’ అంది. తర్వాత కర్రని గుంటలోకి దించి చూసింది. కర్ర మోకాలి లోతు దాటి దిగింది. అందరూ వింటుండగా, మామూలు గొంతుతోనే అడిగింది.

‘‘లారీ వేసుకుని ఇంతమంది వచ్చారు. గడ్డి తెచ్చారు, జెండా తెచ్చారు. ఒక్క తట్ట మట్టి తేలేకపోయారట్రా?’’

డిగ్రీ ఫస్ట్‌క్లాసులో పాసైనవాణ్ణి. కర్ర కొసకి అంటిన బురద తుడిచి ఇచ్చాను.

ఇప్పుడు పిన్ని కొట్టుకి వెళ్తోంది. నేను ఆఫీసుకి వెళ్ళే ముందు చెయ్యి పట్టుకుని ఆ మలుపు దాటిస్తాను. సాయంత్రం డ్రైవరన్న కూతురు దాటిస్తుంది. మిషను ఇప్పుడు ఎడమకాలితో తొక్కుతోంది. టకటక మునుపటంత జోరుగా లేదు. నాలుగు కుట్లకోసారి ఆగుతోంది.

అందుకే చెబుతున్నాను, గోల్ఫ్‌ని తిట్టకండి! మీ వీధి గుంట పూడలేదా? అర్జీలు రాసి చేతులు నొప్పి పుట్టించుకోకండి. దాన్ని కోర్సు అనండి. మడమ బెణికితే ఊరంతా క్షమాపణ చెప్పే మనుషులు ఎక్కడ నడుస్తారో, అక్కడే నేల చదునుగా ఉంటుంది. మనమెక్కడ నడుస్తామో అక్కడ, అదృష్టం బాగుంటే, జెండా ఉంటుంది.

మొన్న గాలివానకి ఆ జెండా కూడా ఎగిరిపోయింది. వాన నీళ్ళు నిండి గుంట మళ్ళీ కనబడటం లేదు. గడ్డి మాత్రం ఏపుగా పెరుగుతోంది. జెండా గురించి అడిగితే రేపుగారు రేపన్నారు.

మీరు ఏ ఊరు వెళ్ళినా, బండి దిగుతూనే ‘ఇక్కడ ఆడటానికి మంచి కోర్సు ఎక్కడ?’ అని అడగాలనిపిస్తే నిస్సందేహంగా అడగండి. అడిగేటప్పుడు మాత్రం బట్టల మూట తడవకుండా పైకి ఎత్తి పట్టుకుని, మొదటి దెబ్బకే గుంటలో పడ్డ మా పిన్నిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆవిడ పేరు ఏ బోర్డు మీదా రాయలేదు, పార్టీ కూడా ఎవరూ ఇవ్వలేదు.

గుర్తు చేసుకుంటూ, కాస్త కింద చూసి నడవండి.